మనము చదువు నవల, మనలను చదువు ఆట

ఒకప్పుడు పెద్దలు నవల యన్న భయపడెడివారు. పాఠ్యపుస్తకము నడుమ నవలను దాచి చదువు బాలునికి శిక్ష తప్పెడిది కాదు. నేడు కాలము మారినది. నవలయైనను సరే, పుస్తకమును చేతబట్టిన పిల్లవానిని చూచి తల్లిదండ్రులు సంతసించుచున్నారు. ఏలయన, నవల కూర్చుండిన చోట ఇప్పుడు ఫోను కూర్చున్నది. కావున మన పై తరగతుల విద్యార్థులలో కొందరు రాబోవు కాలమును గూర్చిన ఉత్కంఠభరితములగు నవలలను ఆసక్తితో చదువుచున్నారని విని నేను విచారింపలేదు. వానిలో నేమున్నదో తెలిసికొనగోరితిని.

ఆ నవలల కథ తరచుగా నొక తీరున నుండును. జనులు కండ్లకు చిత్రమైన అద్దములు పెట్టుకొని వీధులలో తిరుగుదురు. ఎదుట నున్న గోడపై లేని ద్వారము కనబడును. చెట్టు క్రింద లేని నిధి మెరయును. ఊరంతయు నొక ఆటస్థలమగును. ఆడువారి సంతోషమును, భయమును, దుఃఖమును ఒక యంత్రము కనిపెట్టి కొలిచి భద్రపరచును. అట్లు భద్రపరచినవి సంతలో సరకులవలె అమ్ముడుపోవును. ధనవంతుడు ఇతరుని ఉల్లాసమును కొనుక్కొనును. బీదవాడు తన ఉల్లాసమును అమ్ముకొని బ్రదుకును. ఈ రహస్యమును కనుగొన్న యువకుని దుష్టులు తరుముదురు. పుట తిప్పిన కొలదిని గుండె కొట్టుకొనును.

ఇట్టి కథను చదివిన విద్యార్థి యొకడు నన్ను, ‘ఇది యెప్పటికైనను జరుగునా?’ యని యడిగెను. ఇందు చాల భాగ మిదివరకే జరిగినదనియు, నవలలోవలె తుపాకులతో గాక ఉచితముగా నవ్వుచు వచ్చినందున మన మెవ్వరమును తరుముడు పడినట్లు తలంపలేదనియు చెప్పితిని. ఆ మాటను వివరించుటకే ఈ వ్యాసము.

రచయితలు దీనిని ముందుగానే ఊహించిరి. 1932లో ఆల్డస్ హక్స్లీ ప్రకటించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ అను నవలలో ప్రేక్షకులు కథను చూచుటయే గాక, అందలి స్పర్శలను తమ దేహమున ననుభవించు నాటకశాల యొకటి కలదు. 2006లో వెర్నర్ వింజ్ ప్రకటించిన ‘రెయిన్‌బోస్ ఎండ్’ నవలలో జనులు కంటిపొరపై నుంచుకొను అద్దములతో ఒకే వీధిలో నిలిచి వేరువేరు లోకములను చూచుచుందురు. అందు ఉన్నత పాఠశాల విద్యార్థులును ప్రధాన పాత్రలే. ఆ కథ జరిగిన కాలముగా ఆయన నిర్ణయించినది 2025వ సంవత్సరము. ఆ సంవత్సరము గడచిపోయినది. అట్టి కంటి యద్దము లింకను సామాన్యుని చేతికి రాలేదు గాని, వాని పని మాత్రము ఫోనుతోనే ఆరంభమైనది.

2016 జూలై నెలలో అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములందు ‘పోకెమాన్ గో’ అను ఆట వెలువడినది. ఆ యేడు డిసెంబరులో మన దేశమునకును వచ్చినది. దీనిలో నుపయోగించిన విద్యకు ఆగ్మెంటెడ్ రియాలిటీ యని పేరు. ఉన్న లోకముపై లేని బొమ్మను కలిపి చూపుట దాని స్వభావము. ఫోనులోని కెమెరా ఎదుటి వీధిని చూపును. ఉపగ్రహముల సంకేతములవలన ఆటగాడెచ్చట నున్నాడో ఫోను గ్రహించును. అంతట ఆ వీధిలోనే ఒక వింత జంతువు నిలిచియున్నట్లు తెరపై కనబడును. దానిని పట్టుకొనుటయే ఆట. ఇంట కదలక కూర్చుండు ననేకులను ఇది వీధిలో నడిపించినమాట నిజము. ఆ మేలును కాదనరాదు. కాని అదే జూలైలో జపానులోని హిరోషిమా నగరాధికారులు, అణుబాంబునకు బలియైనవారి స్మారక వనములో ఈ జంతువులు కనబడకుండ చేయుడని కంపెనీని కోరవలసివచ్చెను. ఆగస్టు 6వ తేదీ సంస్మరణ దినమునకు ముందే వానిని తొలగించిరి. ఏడ్చుటకు వచ్చిన చోటిని యంత్రము వేటస్థలముగా నెంచినది. దానికి ఆ రెంటికిని భేదము తెలియదు. మనుష్యుడు చెప్పినప్పుడే తెలిసినది.

ఈ ఆట ఉచితమే కదా, కంపెనీకి లాభమెట్లని అడుగవచ్చును. ఆటలో వస్తువులను డబ్బిచ్చి కొనువారు కొందరు. అది గాక మరియొక మార్గము గలదు. జపానులో ఈ ఆట ప్రారంభించినప్పుడు మెక్‌డొనాల్డ్స్ వారి సుమారు 3,000 భోజనశాలలను ఆటలోని ముఖ్యస్థలములుగా నేర్పరచిరి. జంతువును వెదకుచు వచ్చిన బాలుడు భోజనశాల గుమ్మమున నిలిచెను. తాను వేటగాడనని వాడనుకొనుచుండెను. దుకాణదారుని లెక్కలో వాడు గుమ్మమునకు వచ్చిన యొక బేరము. ఆటను చేసిన నయాంటిక్ కంపెనీ, ఆటగాండ్రు తమంతట తీసి పంపిన వీధుల చిత్రములతో లోకముయొక్క రూపురేఖలను యంత్రమునకు నేర్పు పనిని గూర్చి 2024 నవంబరులో ప్రకటించినది. 2025లో తన ఆటల వ్యాపారమును 350 కోట్ల డాలర్లకు స్కోప్లీ యను మరియొక కంపెనీకి విక్రయించినది. ఆడినవారిలో నొక్కనికైనను అందు భాగము రాలేదు. ఆట వారిది కాదు. వారు నడచిన నడక మాత్రము వారిదే.

నడకనుండి హృదయమునకు దూర మెంతయో లేదు. 2012 జనవరిలో ఫేస్‌బుక్ సంస్థ ఒక వారము దినములు 6,89,003 మంది చూచు వార్తలను మార్చి పరీక్షించినది. కొందరికి సంతోషపు మాటలను తగ్గించి చూపిరి. కొందరికి దుఃఖపు మాటలను తగ్గించి చూపిరి. సంతోషము తగ్గించి చూపబడినవారు తామును ఒకింత తక్కువ సంతోషముతో వ్రాసిరి. ఆ మార్పు మిక్కిలి స్వల్పమే. కాని పరీక్షకు లోనైనవారికి ఆ సంగతి 2014లో పరిశోధన వ్యాసము ప్రకటింపబడువరకు తెలియదు. తన మనస్సు తనదే యనుకొన్న మనుష్యుడు ఆ వారములో ఎవని చేతి తూకపురాయిగా నుండెనో తానే యెరుగడు.

ఆటలు చేయువారికి మరియొక రహస్యము తెలియును. స్కిన్నరను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పావురములను పెట్టెలో నుంచి పరిశీలించెను. ముక్కుతో పొడిచిన ప్రతిసారియు గింజ పడినచో పావురము కడుపు నిండగనే ఊరకుండును. ఎప్పుడు పడునో తెలియకుండ, ఒకప్పుడు పడి యొకప్పుడు పడకున్నచో అది విసుగు లేక పొడుచుచునే యుండును. నేటి ఆటలలో డబ్బిచ్చి తెరచు అదృష్టపు పెట్టెలకు మూలమీ పావురపు పెట్టెయే. లోపలనేమున్నదో తెరచువరకు తెలియదు. ఇట్టి కొన్ని పెట్టెలు జూదమేయని 2018లో బెల్జియము దేశపు అధికారులు నిర్ణయించిరి.

ఇచ్చట ఒక చిన్న సంగతిని చెప్పవలసియున్నది. ‘నా జీవితమున మిక్కిలి సంతోషకరమైన దినము’ అను విషయముపై వ్యాసము వ్రాయుమని నేనొక తరగతిలో చెప్పితిని. ఒకడు అక్క పెండ్లిని గూర్చి వ్రాసెను; ఒకతె మంజీర కాలువలో ఈత నేర్చిన దినమును వ్రాసెను. ఒక బాలుడు మాత్రము ఆటలో తన బొమ్మకు అరుదైన యొక చొక్కా లభించిన రాత్రిని గూర్చి చక్కగా, నిజాయితీతో వ్రాసెను. కడపటి వాక్యములో, ‘ఆ చొక్కాకు ముప్పది దినములే గడువు; తరువాత పోయినది’ అని యుండెను. భాషాదోషము లేవియు లేవు. మార్కులు పూర్తిగా నిచ్చితిని. కాని ఆ రాత్రి నాకు చాలసేపు నిద్ర రాలేదు. పెండ్లికి గడువు లేదు. ఈతకు గడువు లేదు. ఈ బాలుని సంతోషమునకు మాత్రము ఎవరో దూరమున కూర్చుండి గడువు వ్రాసి పంపిరి.

ఇదంతయు క్రొత్తదా? నన్నయభట్టు తెనిగించిన భారత సభాపర్వమును చదివినవారికి క్రొత్త కాదు. మయుడు కట్టిన సభలో దుర్యోధనుడు నీరు లేని చోట నీరున్నదనుకొనెను. నీరున్న చోట నేలయనుకొని పడెను. నలుగురిలో నవ్వులపాలయ్యెను. ఉన్న లోకముపై లేని లోకమును పరచిన ఆ సభనుండి అతడు తెచ్చుకొన్నది అసూయ. ఆ అసూయను గుర్తించినవాడు మేనమామ శకుని. ధర్మరాజునకు జూదమునందు ఇష్టము కలదనియు, ఆడుటలో నేర్పు లేదనియు వాడెరిగియుండెను. ఒకని అసూయను, ఒకని వ్యసనమును ప్రక్కప్రక్కన నుంచి వాడు పాచికలు వేసెను. మాయాసభయు జూదమును ఒకే పర్వములో నుండుట నాకు ఊరక జరిగినట్లు తోచదు. మొదట కండ్లు మోసపోవును. పిదప మనస్సు కలగును. ఆ కలతను కనిపెట్టినవాడు పందెము పరచును.

ఇందుకు బుద్ధిమంతుడైన విద్యార్థి యొక ఆక్షేపణ చేయవచ్చును. ‘అయ్యా, నవలయు భయమును అమ్ముచున్నది కదా! సినిమాయు కన్నీటిని అమ్ముచున్నది కదా! డబ్బిచ్చి ఏడ్చివచ్చు ప్రేక్షకులను మీరేల తప్పుపట్టరు?’ ఈ ఆక్షేపణ న్యాయమైనది. దీనికి నేనిచ్చు సమాధానమే ఈ వ్యాసమునకు ప్రాణము.

నవల అందరికిని ఒకే పుటను చూపును. నీవు భయపడిన చోట నీ ప్రక్కవాడు నవ్వవచ్చును. పుస్తక మా సంగతి నెరుగదు. నీవు ఏడ్చితివని తెలిసి మరుసటి పుటలో ఇంకొంచెము ఏడ్పించు మాటను చేర్చదు. నీవు మూసి పెట్టినప్పుడు ‘రమ్ము, నీ మిత్రులు నిన్ను మించిపోవుచున్నా’రని అర్ధరాత్రి పిలువదు. నీవెంతసేపు ఏ పుటపై నిలిచితివో వ్రాసికొని ఇతరునకు చెప్పదు. నవలను మనము చదువుదుము. అది మనలను చదువదు. ఆట యట్లు కాదు. నీ వ్రేలు తెరపై నెచ్చట తడబడెనో, ఎన్నిసార్లు ఓడిన పిదప విసిగితివో, ఏ వేళ ఒంటరిగా నుందువో గుర్తించుటకు వీలున్న ఆటలు కలవు. రచయిత నీకు భయమును చెప్పి వెడలిపోవును. ఆ ఆట నీ భయమును నేర్చుకొని కూర్చుండును.

బైబిలులోని ఏశావు కథను మన పాఠశాలలో ఎరుగనివారుండరు. వాడు పొలమునుండి అలసి ఆకలితో వచ్చెను. యాకోబు చిక్కుడుకాయల వంటకమును ముందుంచి జ్యేష్ఠత్వమును కొనెను. వంటకము వెల తక్కువది, జ్యేష్ఠత్వము వెలలేనిది. బేరము కుదిరినదేల? ఆకలి వేళ కొనువానికి తెలిసినది కనుక. కడుపు నిండినప్పుడు అదే గిన్నెను చూపినచో ఏశావు నవ్వియుండును. మన ఆకలివేళను కనిపెట్టు యంత్రము చేతిలో నున్నప్పుడు మన జ్యేష్ఠత్వము భద్రముగా నున్నదని ఎవరు చెప్పగలరు?

ఈ సంగతి మన ప్రాంతమువారికి ఇతరులకంటె సులభముగా తెలియవలెను. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములకు కర్మాగారములు వచ్చినప్పుడు జనులు ఎన్ని ఉద్యోగములు వచ్చునని యడిగిరి, అడుగవలసినదే. లోపల నేమి చేయబడుచున్నది, వాడిన నీరు ఎచ్చటికి పోవునని అడిగినవారు కొద్దిమంది. ఆ నీరు నక్కవాగులోనికి పోయినది. నక్కవాగు మంజీరలో కలియును. వాగు ప్రక్క పొలము గల రైతు ఆ కర్మాగారములో పనివాడు కాడు, దాని లాభములో భాగస్థుడును కాడు. నష్టములో మాత్రము భాగస్థుడయ్యెను. ఇచ్చటి వైద్యుడగు డాక్టరు కిషన్‌రావు మొదలగువారు ఏండ్ల తరబడి పోరాడిరి. 1990లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టునకు చేరినది. చెడిన వాగును తిరిగి మంచిదిగా చేయుట ఎంత కష్టమో మనము కన్నులార చూచితిమి. పిల్లల మనస్సును ఒక వాగుగా నెంచుడు. ఆటల కర్మాగారము ఎక్కడనో యున్నది. దాని వాడుకనీరు మన యిండ్లలో పారుచున్నది. విసుగు, నిద్రలేమి, తోటివానిపై అసూయ, తల్లిపై కేకలు: ఇవి ఆ నీటి రంగులు.

చట్టము లేదా యని అడుగుదురేమో. ఉన్నది. మన రాష్ట్రము 2017లోనే గేమింగ్ చట్టమును సవరించి, ఆన్‌లైనులో పందెపుటాటలను నిషేధించినది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన కేంద్ర చట్టము డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించి, నడుపువారికి మూడేండ్ల వరకు ఖైదును, కోటి రూపాయల వరకు జరిమానాను విధించినది. డబ్బు పోయి ఉసురు తీసికొన్నవారి కుటుంబముల దుఃఖము ఎరిగినవారెవ్వరును దీనిని హర్షింపకపోరు. కాని ఈ చట్టములు పట్టుకొనునది నాణెమును. నాణెము లేక, నీ సంతోషమును, నీ వేళను పందెమొడ్డు ఆటను అవి పట్టుకొనవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టము మరియొక అడుగు వేసినది. పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెననియు, బాలుర నడవడిని వెంటాడి గమనింపరాదనియు, వారిపై గురిపెట్టి ప్రకటనలు చూపరాదనియు అందు కలదు. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. అంచెలంచెలుగా అమలులోనికి వచ్చునట్లు ఏర్పాటైనది. ఐరోపా దేశములలో మరింత ముందుకు పోయి, పాఠశాలలందును పనిచేయు స్థలములందును మనుష్యుల మనోభావములను యంత్రములచే కనిపెట్టించుటను, వైద్యము, రక్షణ అను అవసరములకు తప్ప, 2025 ఫిబ్రవరి 2వ తేదీనుండి నిషేధించిరి. అట్టి స్పష్టమైన మాట మన చట్టములోనికిని రావలెనని నా అభిప్రాయము.

అయినను పుట్టిన తేదీని మార్చి వ్రాయు బాలుని ముందు, చదువక ‘సరే’ యని నొక్కు తండ్రి ముందు ఏ చట్టము నిలుచును? నేను తల్లిదండ్రులను నిందించుటకు వ్రాయుటలేదు. నైట్ షిఫ్టు చేసివచ్చిన తండ్రి ఒక్క గది యింటిలో పగలు నిద్రించుచుండగా, చప్పుడు చేయవలదని పిల్లవాని చేతికి ఫోనిచ్చు తల్లిని నేనెట్లు నిందింపగలను? ఆమెకు వేరు దారి చూపనిది మనమే. సాయంకాలము పాఠశాల మైదానపు ద్వారము మరి రెండు గంటలు తెరచియుంచినచో, గ్రంథాలయములో నొక దీపము వెలిగించియుంచినచో, ఆమె ఫోనును చేతికిచ్చు అవసరము కొంత తగ్గును. ఈ సంగతిని పాఠశాల యాజమాన్యమువారు ఆలోచింపవలెనని వినయపూర్వకముగా కోరుచున్నాను.

విద్యార్థులు ఈ వ్యాసమును చదివి యంత్రవిద్యను ద్వేషింపరాదు. మనకు కూతవేటు దూరమున కందిలో ఐ.ఐ.టి. హైదరాబాదు వెలసియున్నది. కృత్రిమ మేధయందు బి.టెక్. చదువును దేశమున మొట్టమొదట 2019లో ప్రారంభించిన విద్యాలయమది. మీలో కొందరు రేపు ఆ గుమ్మమును దాటవలెనని నా కోరిక. కంటికి లేనిది చూపు విద్యచే శరీరములోని ధమనులను వైద్యవిద్యార్థికి చూపవచ్చును. శిథిలమైన కోటను పూర్వమున్నట్లు చూపవచ్చును. మయునివంటి నేర్పరులు మనకు కావలెను. అయితే సభను కట్టునాడే దానిలో అడుగుపెట్టువాడు పడకుండ నేమి చేయవలెనో తలంచు మయుడు కావలెను.

అంతవరకు ఆడువారికి నాదొక చిన్న సలహా. ఏ ఆటనైనను తెరచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది ఉచితమైనచో దీని ఖర్చు నెవరు భరించుచున్నారు? నేనాపదలచినప్పుడు ఇది నన్ను ఆపనిచ్చునా? ఆడి లేచిన పిమ్మట నేను కూర్చున్ననాటికంటె మంచి మనస్సుతో నున్నానా? కబడ్డీ ఆడి మోకాలు చీరుకొన్న బాలుడుకూడ మూడవ ప్రశ్నకు నవ్వుచు ‘అవు’నని చెప్పగలడు.

ఆ వ్యాసము వ్రాసిన బాలుడు ఇప్పుడు పై తరగతికి పోయినాడు. అతడే నన్ను పైన చెప్పిన ప్రశ్న నడిగినవాడు. ఈ సంవత్సరము గ్రంథాలయమునుండి నవలలను తీసికొనిపోవుచున్నాడు. వానిలో దొంగలున్నారు, హత్యలున్నవి, భయమున్నది. చదువనిమ్ము. తిరిగి యిచ్చుటకు పుస్తకమునకును పదునాలుగు దినముల గడువున్నది. కాని అది తీసికొని పోవునది పుస్తకమును మాత్రమే. చదివిన సంతోషము వానియొద్దనే నిలుచును.